పిడి కుదిరితేనే గురి

25 మీటర్ల అవతల టార్గెట్ ఉంది. పక్కన ఎర్ర దీపం వెలుగుతోంది. షూటర్ చెయ్యి కిందికి దించి, పిస్టల్ మూతిని నేలవైపు ఉంచి ఎదురుచూస్తోంది. 7 సెకన్లకు ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలుగుతుంది. అది ఉండేది 3 సెకన్లే. ఆ 3 సెకన్లలో చెయ్యి లేవాలి, చూపు కుదరాలి, ట్రిగ్గర్ కదలాలి, ఒకే ఒక్క తూటా వెళ్లాలి. మళ్లీ చెయ్యి దించాలి. ఇలా 5 తూటాలయితే ఒక సిరీస్, అలాంటి సిరీస్‌లు 6. దీనికి ముందు నిదానంగా కాల్చే 30 తూటాలు వేరే ఉంటాయి, అయిదేసి తూటాలకు 5 నిమిషాల చొప్పున. మొత్తం 60 తూటాలు, 600 పాయింట్లు. మహిళల 25 మీటర్ల పిస్టల్ పోటీ అంటే ఇదే. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు 2023లో జరిగాయి కదా, అక్కడ మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఈ పోటీలో వ్యక్తిగత రజతం గెలిచింది. మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం కూడా తెచ్చింది.

అలాంటి వార్త వచ్చినప్పుడల్లా పిల్లల్ని వెంటబెట్టుకుని రేంజ్‌కి వచ్చే తల్లిదండ్రులు పెరుగుతారు. అది మంచిదే. వాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఏ కంపెనీ పిస్టల్ కొనమంటారు?" లక్షల రూపాయల వస్తువు కాబట్టి అడగడం న్యాయమే. నేను మాత్రం పిల్లను దగ్గరికి పిలిచి, ముందు చెయ్యి చాపమంటాను. అరచెయ్యి ఎంత వెడల్పు, వేళ్లు ఎంత పొడుగు, బొటనవేలి కింద కండ ఎంత ఉంది, ఇవి చూడనిదే ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎందుకో ఈ ప్రసంగంలో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఈ పోటీలో వాడే తూటా గురించి రెండు మాటలు. మన షూటర్లు 'పాయింట్ టూ టూ' అనే ఈ తూటా రిమ్‌ఫైర్ జాతిది. ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ చిన్న అంచు ఉంటుంది. నిప్పు రాజేసే మందు ఆ అంచు లోపలే ఉంటుంది. ఫైరింగ్ పిన్ దెబ్బ అంచు మీద పడితే మందు అంటుకుని గుండు బయలుదేరుతుంది. గుండు సీసంతో చేసింది, 5.6 మిల్లీమీటర్లది, సాధారణంగా 2.6 గ్రాముల బరువు. అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చిన 'లాంగ్ రైఫిల్' తూటా ఇది. ఇప్పటికీ ప్రపంచంలో చాలామంది గురి నేర్చుకునేది దీనితోనే. వెనక్కి తన్నడం చాలా తక్కువ. మిగతా తూటాలతో పోలిస్తే ధరా తక్కువే. ఒకసారి పేలిన గొట్టాన్ని మళ్లీ నింపి వాడుకోవడం మాత్రం కుదరదు.

లండన్ ఒలింపిక్స్‌లో, 2012లో, మన సైనికుడు విజయ్ కుమార్ రజతం గెలిచిన ర్యాపిడ్ ఫైర్ పోటీలో వాడేది కూడా ఈ తూటానే. అక్కడ అయిదు టార్గెట్లు వరసగా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో తూటా. మొదట అయిదింటికీ కలిపి 8 సెకన్లు ఇస్తారు, తరువాత 6, చివరికి 4. ఆ వేగంలో పిస్టల్‌ను చేతిలో సర్దుకునే సమయం ఉండదు. మొదటి తూటాకు ఎలా పట్టుకున్నాడో అయిదో తూటాకూ పట్టు అలాగే ఉండాలి.

ఇప్పుడు చిన్న లెక్క చెబుతాను. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఈ పిస్టల్ మీద ముందు సైట్‌కీ వెనుక సైట్‌కీ మధ్య దూరం 220 మిల్లీమీటర్లకు మించకూడదు. టార్గెట్ 25 మీటర్ల దూరంలో ఉంది, అంటే 25,000 మిల్లీమీటర్లు. దీన్ని 220తో భాగిస్తే దాదాపు 114 వస్తుంది. అంటే ఏమిటి? వెనుక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, తూటా టార్గెట్ మీద 114 మిల్లీమీటర్లు, అంటే అర జానెడు, పక్కకు పోతుంది. నిదానంగా కాల్చే టార్గెట్‌లో పది వలయం అడ్డం కొలత 50 మిల్లీమీటర్లే. నడిబొడ్డున పడాల్సిన తూటా ఆరు వలయంలో పడుతుంది.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూడండి. రెండు సైట్లూ ఒకదానికొకటి చక్కగా కుదిరి ఉన్నాయి. కానీ చెయ్యి మొత్తం, పిస్టల్‌తో సహా, ఒక సెంటీమీటరు ఎడమకు ఊగింది. పిస్టల్ ఏ కోణంలోనూ తిరగలేదు కాబట్టి తూటా కూడా సెంటీమీటరే ఎడమకు పడుతుంది. అది ఇంకా పదిలోనే ఉంది! చెయ్యి ఊగడం కనిపించి కొత్త షూటర్ బెంబేలు పడతాడు, ఊగుడు ఆగిన క్షణం పట్టుకోవాలని ట్రిగ్గర్ చటుక్కున గుంజుతాడు. ఆ గుంజుడుకు ముందు సైట్ మిల్లీమీటరు తిరుగుతుంది. ఊగుడు వల్ల పోని పాయింట్లు గుంజుడు వల్ల పోతాయి.

పిస్టల్ ఎంపికలోనూ మార్పుల్లోనూ నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. కంటికి ఎదురుగా ఎత్తిన ప్రతిసారీ రెండు సైట్లూ వాటంతట అవే కుదిరేలా పిడి ఉండాలి. కుదిరిన సైట్లను కదిలించకుండా ట్రిగ్గర్ వదలాలి. మిగతావన్నీ వీటి తరువాతే.

ఇక పిస్టళ్ల సంగతికి వద్దాం. అంతర్జాతీయ పోటీల్లో కనిపించేవి ఎక్కువగా ఇటలీ, జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి వచ్చినవి. ఇటలీ నుంచి పార్దినీ, జర్మనీలో ఉల్మ్ నగరం నుంచి వాల్తర్, ఓబర్న్‌డార్ఫ్ నుంచి ఫైన్‌వెర్క్‌బావ్, స్విట్జర్లాండ్ నుంచి మొరిని, ఒకప్పుడు అక్కడినుంచే హ్యామర్లీ. వీటిలో మౌలికమైన తేడా ఒకటుంది. తూటాలు పెట్టే మ్యాగజీన్ ఎక్కడ ఉంది? వాల్తర్ జీఎస్‌పీ 1968 నుంచి ఉన్న మోడల్. దానిలో మ్యాగజీన్ ట్రిగ్గర్‌కు ముందు, బ్యారెల్ కింద ఉంటుంది. పార్దినీలోనూ అంతే. దీనివల్ల పిడి లోపల ఖాళీ చెయ్యాల్సిన పని లేదు, దాన్ని చేతికి తగినట్టు ఎలాగైనా చెక్కుకోవచ్చు. హ్యామర్లీ 208లో, అమెరికన్ పిస్టళ్లలో మ్యాగజీన్ పిడి లోపలికి దిగుతుంది. అక్కడ మ్యాగజీన్‌కు చోటు పోను మిగిలిన కర్రతోనే పిడి ఆకారం తేవాలి. చిన్న చెయ్యి ఉన్న పిల్లలకు అలాంటి పిడి లావుగా అనిపించే వీలుంది. 208 గొప్ప పిస్టల్. ఇప్పటికీ దాన్ని ప్రేమగా దాచుకున్నవాళ్లున్నారు. దాని ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి చూసినవాళ్లకు ఆ ప్రేమ ఎందుకో అర్థమవుతుంది. కానీ పన్నెండేళ్ల అమ్మాయి చేతికి మొదటగా అది ఇమ్మని నేను చెప్పను.

అమెరికాలో ఈ ఆటకు వేరే సంప్రదాయం ఉంది. అక్కడ బుల్స్‌ఐ అనే పోటీలో ఒంటిచేత్తోనే 50 గజాల నుంచి, 25 గజాల నుంచి కాలుస్తారు. రూగర్ కంపెనీ 1949లో తన మొదటి పాయింట్ టూ టూ పిస్టల్ తెచ్చింది. అది చవకలో దొరికే గట్టి సాధనంగా పేరు తెచ్చుకుంది. దాని వారసులను కొని పిడి, ట్రిగ్గర్, సైట్లు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం అక్కడివాళ్లకు పెద్ద ముచ్చట. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41 కూడా 1957 నుంచి అక్కడి షూటర్లకు ఇష్టమైనదే. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా ఈ ఆట మొదలుపెడితే చేతికి ముందు దొరికేవి ఇవే. బుల్స్‌ఐలో ఎర్ర చుక్క చూపించే ఎలక్ట్రానిక్ సైట్ పెట్టుకోవచ్చు. ఒలింపిక్ పోటీల్లో అది నిషిద్ధం. ఏ పోటీకి దిగుతారో ముందు తేల్చుకోండి, ఆ పోటీ నియమాల పుస్తకం చదవండి, ఆ తరువాతే పిస్టల్ చూడండి.

నియమాల్లో ముఖ్యమైన అంకెలు కొన్ని చెబుతాను. 25 మీటర్ల పోటీలకు పాయింట్ టూ టూ పిస్టల్ ఖాళీ మ్యాగజీన్‌తో, తగిలించిన బరువులతో కలిపి 1400 గ్రాములు మించకూడదు. ట్రిగ్గర్ 1000 గ్రాముల కంటె తేలికగా ఉండకూడదు. పిస్టల్ మొత్తం 300 మిల్లీమీటర్ల పొడవు, 150 ఎత్తు, 50 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. పిడితో సహా! పిడికి కర్ర అతికించి లావు చేసుకుంటూ పోయి ఆ 50 మిల్లీమీటర్లు దాటిపోయినవాళ్లను పోటీ ముందురోజు పరీక్ష బల్ల దగ్గర చూస్తుంటాం.

బ్యారెల్ పొడుగ్గా ఉంటే గురి బాగుంటుందని చాలామంది నమ్మకం. కొనేటప్పుడు అందరికంటె పొడుగైన మోడల్ అడుగుతారు. 25 మీటర్ల దూరానికి మంచి పొట్టి బ్యారెల్ కూడా మనిషి చేతిని మించిన కచ్చితత్వం చూపిస్తుంది. పొడుగు వల్ల వచ్చే లాభం సైట్ల మధ్య దూరం పెరగడమే, దానికి నియమం ఎలాగూ 220 దగ్గర గీత గీసింది. పొట్టి బ్యారెల్‌లో గుండు త్వరగా బయటపడుతుంది, అంటే ట్రిగ్గర్ వదిలాక చేతి వణుకు గుండును చెదరగొట్టే వ్యవధి తక్కువ. కాబట్టి బ్యారెల్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆ డబ్బు తూటాలకు దాచుకోండి.

ఇప్పుడు పిడి. ఈ ప్రసంగంలో ఎక్కువసేపు నేను ఉండాలనుకున్న చోటు ఇదే.

కంపెనీ నుంచి వచ్చే పిడి వాల్‌నట్ కర్రతో, చిన్నది, నడిమిది, పెద్దది అనే సైజుల్లో, కుడిచేతికీ ఎడమచేతికీ విడివిడిగా వస్తుంది. పక్కవాడి కళ్లద్దాలు మనకు పనికిరానట్టే ఆ సైజు పిడి కూడా ఎవరి చేతికీ ఉన్నదున్నట్టుగా సరిపోదు. దాన్ని చెక్కుకోవాలి, అవసరమైన చోట నింపుకోవాలి. స్విట్జర్లాండ్‌లోని మొరిని పేరు కూడా షూటర్లకు మొదట తెలిసింది చేతి ఆకారానికి చెక్కిన పిడుల ద్వారానే.

పిడి కుదిరిందో లేదో తెలుసుకునే పరీక్ష చాలా సులువు. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. మ్యాగజీన్ తీసెయ్యండి, ఛాంబర్ కంటితో చూడండి. రేంజ్‌లో, టార్గెట్ వైపు తిరిగి, కోచ్ పక్కన ఉండగా ఈ పని చెయ్యండి. ఎడమచేత్తో పిస్టల్ మూతిని పట్టుకుని, కుడి అరచేతిని పిడిలో కూర్చోబెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనుక భాగంలో ఎంత పైకి పోగలదో అంత పైకి పోవాలి. అయితే బ్యారెల్ నడిమి గీత ఆ సందుకు పైనుంచే పోవాలని నియమం. వేళ్లు చుట్టండి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. కళ్లు తెరవండి. ముందు సైట్ వెనుక సైట్ గాడిలో ఎక్కడుంది? మధ్యలో ఉంటే పిడి మీదే. ఎడమకు ఒరిగి ఉంటే, గాడి పైకి ఎక్కి ఉంటే, మణికట్టుతో సర్దకండి. మణికట్టుతో సర్దిన సైట్లు 3 సెకన్ల పోటీలో మళ్లీ పాత చోటికే పోతాయి. మారాల్సింది కర్ర.

ఎక్కడ మార్చాలో ఎలా తెలుస్తుంది? అరచేతికి పౌడరు రాసుకుని పిడి పట్టుకుని వదలండి. పౌడరు గట్టిగా అంటిన చోట ఒత్తిడి ఎక్కువ, అంటని చోట ఖాళీ. పైన చెప్పిన ముందు సైట్ ఎడమకు ఒరిగే ఇబ్బంది కుడిచేతి వాటం వాళ్లలో తరచు కనిపిస్తుంది. చాలాసార్లు కారణం అరచేతి బుగ్గ దగ్గర కర్ర ఎక్కువ ఉండటమో, వేళ్లు చుట్టుకునే వైపు ఖాళీ ఉండటమో. ఉప్పుకాగితంతో కొంచెం రుద్ది, మళ్లీ పట్టుకుని చూడాలి. మళ్లీ కొంచెం. తీసిన కర్ర తిరిగి రాదు కాబట్టి ఈ పనిలో తొందర పనికిరాదు. నింపాల్సిన చోట ఎం-సీల్ లాంటి ముద్ద పెట్టి, చేతికి పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, అది గట్టిపడకముందే పిడిని షూటింగ్‌లో పట్టుకున్నట్టే పట్టుకుంటే చేతి అచ్చు పడుతుంది. ఆరాక అంచులు రుద్ది నున్నగా చెయ్యాలి.

పట్టు ఎలా ఉండాలో తెలియకుండా పిడి చెక్కడం దండగ. పిస్టల్‌ను పట్టుకునేవి ప్రధానంగా రెండు వేళ్లు, నడిమివేలు, ఉంగరపువేలు. అవి పిడిని ముందునుంచి వెనక్కి, అరచేతి మడమ వైపు, నేరుగా లాగుతాయి. చిటికెనవేలు ఊరికే ఆని ఉంటుంది. బొటనవేలు నొక్కకూడదు, దాని పలక మీద విశ్రాంతిగా ఉండాలి. బొటనవేలు నొక్కితే పిస్టల్ మూతి పక్కకు పోతుంది, చిటికెనవేలు బిగిస్తే కిందికి పోతుంది. చూపుడువేలు పిడి కర్రను అసలు తాకకూడదు. తాకుతుంటే అక్కడ కర్ర తీసెయ్యండి, ఎందుకంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ వేలు కర్రను కూడా తోసి పిస్టల్‌ను తిప్పుతుంది. మీరు చేసే మొత్తం మార్పుల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చేది ఇదే కావచ్చు.

అరచేతి అడుగున ఆనే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. చెయ్యి జారకుండా ఆనేంత వరకే దాన్ని ఎత్తండి. బిగుసుకుపోయేలా ఎత్తితే పది నిమిషాల్లో చెయ్యి తిమ్మిరెక్కి వణుకు మొదలవుతుంది. ఆ పలక పిడితో చేసే కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదని, పైకి వంపు తిరగకూడదని నియమం. మణికట్టుకు ఆసరా ఇచ్చే ఏ భాగమూ పిడికి ఉండకూడదు. మన విశాఖ, విజయవాడ ఉక్కపోతల్లో చెమట ఇంకో సమస్య. పిడి మీద వార్నిష్ నున్నగా ఉంటే గీకి గరుకు చేసుకోండి. ఐరోపాలో శీతాకాలం ఇండోర్ రేంజ్‌లో కాల్చేవాళ్ల పిడి మే నెలలో మన చేతిలో జారుతుంది.

చేతికీ పిడికీ ఉన్న బంధం గురించి చెప్పేటప్పుడు హంగరీ దేశపు సైనికుడు కారోయ్ టాకాచ్‌ను తలవకుండా ఉండలేను. 1938లో చేతిలో గ్రెనేడ్ పేలి అతని కుడిచెయ్యి పాడైంది. అతను కాల్చేది ఆ చేత్తోనే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎడమచేత్తో మొదటి నుంచి నేర్చుకున్నాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ స్వర్ణం, 1952 హెల్సింకీలో మళ్లీ స్వర్ణం. కొత్త చేతికి కొత్త పట్టు నేర్పుకుని ప్రపంచ విజేత అయిన మనిషి ఉండగా, 'నా చెయ్యి చిన్నది, నా వేళ్లు పొట్టివి' అని దిగులుపడే పిల్లలకు ఇంకేం చెప్పాలి!

ట్రిగ్గర్ విషయం. 1000 గ్రాములు అంటే కిలో బరువు. ఎయిర్ పిస్టల్‌లో 500 గ్రాములతో అలవాటుపడ్డ వేలికి ఇది ఎక్కువగానే తోస్తుంది. మంచి పిస్టల్‌లో ఆ బరువు రెండు అంచెలుగా వస్తుంది. మొదటి అంచెలో ఎక్కువ భాగం నొక్కేసి వేలు ఒక గోడ దగ్గర ఆగుతుంది. ఆ గోడ దాటడానికి మిగిలిన కాస్త బరువు చాలు. చెయ్యి లేస్తూ ఉండగానే మొదటి అంచె నొక్కేయడం 3 సెకన్ల పోటీలో అవసరం. కంపెనీవాళ్లు ఇచ్చిన మరలతో ఈ రెండు అంచెల వాటా, ట్రిగ్గర్ ముందుకీ వెనక్కీ ఉండే చోటు, పేలాక అది ఆగే చోటు మార్చుకోవచ్చు. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆని, వేలు నేరుగా వెనక్కి కదిలే చోట ట్రిగ్గర్‌ను నిలబెట్టుకోండి.

అంతకు మించి లోపలికి పోవద్దు. లోపలి ఇనుప భాగాలను రుద్ది నునుపు చేస్తే ట్రిగ్గర్ ఇంకా బాగుంటుందని కొందరు చెబుతారు. ఆ భాగాల అంచులు వెంట్రుక వాసి తేడా వచ్చినా ఒక్క నొక్కుకు రెండు తూటాలు పేలవచ్చు, కింద పెడితేనే పేలవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. పైగా మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాలను మరమ్మతు చెయ్యడానికీ మార్చడానికీ వేరే లైసెన్సు ఉండాలి, అది లేకుండా బ్యారెల్ పొట్టి చెయ్యడం లాంటివి నేరం. పిడి కర్రనూ, కంపెనీ ఇచ్చిన మరలనూ సర్దుకోవడం షూటర్ పని. మిగతా ప్రతి పనీ లైసెన్సున్న ఆర్మరర్‌ది. ఈ హద్దును నేను ఎంతో గట్టిగా నమ్ముతాను.

సైట్ల సంగతి కొంత క్లుప్తంగా చెబుతాను. వెనుక గాడిలో ముందు సైట్‌కి రెండు పక్కలా వెలుతురు సమానంగా కనిపించాలి. 3 సెకన్ల పోటీకి ఆ వెలుతురు సందులు కొంచెం వెడల్పుగా ఉంటే కన్ను త్వరగా కుదురుతుంది. నిదానపు పోటీకి సన్నగా ఉన్నా ఫరవాలేదు. చూపు ముందు సైట్ మీదే నిలవాలి, టార్గెట్ మసకగా కనిపించాలి. నలభై దాటినవాళ్లకు ముందు సైట్ మసకబారడం మొదలవుతుంది. అలాంటివారు పిస్టల్ మార్చకముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. దూరపు చూపు నంబరుకు సాధారణంగా అర డయాప్టరో ముప్పావు డయాప్టరో కలిపితే చేతి చివరన ఉన్న సైట్ స్పష్టంగా కనబడుతుంది. ఇంకొక మాట. ఐరోపా పిస్టళ్ల సైట్ మరల మీద ఉండే అక్షరాలు, బాణాలు తూటా ఎటు పోయిందో చెబుతున్నాయా, ఎటు పోవాలో చెబుతున్నాయా అనేది కంపెనీని బట్టి మారుతుంది. పిస్టల్‌తో వచ్చిన చిన్న పుస్తకం చదివి, రేంజ్‌లో ఒకసారి తిప్పి చూసి నిర్ధారించుకోండి.

అదనపు బరువులు బ్యారెల్ కింద తగిలించుకోవచ్చు. మూతి బరువైతే నిదానపు పోటీలో నిలకడగా ఉంటుంది, కానీ 30 సార్లు దించి ఎత్తే రెండో సగంలో భుజం అలిసిపోతుంది. ఎదిగే పిల్లలకు మొదటి ఏడాది బరువులు వద్దు.

ఇంత చేశాక తూటా. ఈ పిస్టళ్లు మామూలు వేగపు తూటాల కోసం తయారైనవి. ధ్వని వేగం దాటి దూసుకుపోయే వేట తూటాలు వీటిలో వేస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఇంగ్లండ్ నుంచి ఈలీ, ఫిన్లాండ్ కంపెనీ లాపువా, జర్మనీ నుంచి ఆర్‌డబ్ల్యూఎస్, ఎస్‌కే, ఇలా పేరున్నవి చాలా ఉన్నాయి. ఏది మంచిది అన్నదానికి ఒక్కో పిస్టల్ ఒక్కో జవాబిస్తుంది. ఒకే కంపెనీ తూటాల్లో కూడా లాట్ నంబరును బట్టి తేడా వస్తుంది. దొరికిన లాట్లను విడివిడిగా పరీక్షించి, ఎక్కడా ఇరుక్కోకుండా, దగ్గర దగ్గరగా పడిన లాట్‌ను పోటీలకు దాచుకోవాలి. తూటా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగండి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. ఇంకో జాగ్రత్త. ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చెయ్యడం ఈ ఆటకు ప్రాణం, కానీ రిమ్‌ఫైర్‌లో ఫైరింగ్ పిన్ ఖాళీ ఛాంబర్ అంచును కొట్టి పాడుచేసే వీలుంది. కొన్ని మోడళ్లకు దానికోసమే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. లేనివాటికి ఉత్తి ప్లాస్టిక్ తూటా పెట్టాలి.

మార్పులన్నీ ఒకేసారి చెయ్యకండి. పిడి, ట్రిగ్గర్, సైట్లు ఒకే వారంలో మార్చేసి స్కోరు పెరిగితే ఎందుకు పెరిగిందో, తగ్గితే ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేరు. ఒకటి మార్చి, కొన్ని వందల తూటాలు కాల్చి, ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఆ తరువాత రెండోదాని జోలికి వెళ్లండి.

పోటీకి వెళ్లేటప్పుడు పెట్టెలో అదనపు మ్యాగజీన్, ఫైరింగ్ పిన్, స్ప్రింగులు, కంపెనీ మరలు తిప్పే పనిముట్లు పెట్టుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు క్వాలిఫికేషన్ మధ్యలో ఎయిర్ పిస్టల్ మొరాయించింది, విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగిపోయింది. పారిస్‌లో అదే అమ్మాయి రెండు కాంస్యాలు గెలిచింది.

ట్రిగ్గర్‌ను సరిగ్గా 1000 గ్రాముల దగ్గర పెట్టుకోకండి, కొంచెం ఎక్కువే ఉంచండి. స్ప్రింగులు వాడుకకు సడలుతాయి. పోటీ అధికారులు పిస్టల్ మూతి పైకి నిలబెట్టి, ట్రిగ్గర్‌కు కిలో బరువు తగిలించి ఎత్తిస్తారు. మూడు ప్రయత్నాల్లో ఎత్తి చూపించాలి. ఈ పరీక్ష పోటీ ముందే కాదు, చివరి తూటా అయిన వెంటనే కూడా చెయ్యవచ్చు. అప్పుడు ఎత్తలేకపోతే కాల్చిన 60 తూటాలూ లెక్కలోకి రావు.

కొత్తగా మొదలుపెట్టే పిల్లల తల్లిదండ్రులకు నా సలహా. ముందు ఎయిర్ పిస్టల్ నేర్పించండి. చట్టం పెట్టిన పరిమితి లోపలి ఎయిర్ పిస్టళ్లకు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పట్టు, చూపు, ట్రిగ్గర్ అక్కడ కుదిరాక, మీ క్లబ్‌లో ఉన్న పాయింట్ టూ టూ పిస్టళ్లను కోచ్ ఎదురుగా ఒక్కొక్కటీ పట్టి చూడమనండి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తమనండి. కళ్లు తెరిచినప్పుడు సైట్లు ఏ పిస్టల్‌లో తక్కువ తేడాతో కనిపించాయో ఆ పేరు రాసి పెట్టుకోండి. లైసెన్సు పని, దిగుమతి పని, డబ్బు పని అన్నీ ఆ పేరుతోనే మొదలుపెట్టండి.